తాతగారి యాషికా రేంజ్‌ఫైండర్: రిపేరుకు ఇవ్వాలా, ఇలాగే వాడుకోవాలా?

తాతగారి యాషికా ఎలక్ట్రో 35 ఫిల్మ్ కెమెరా బీరువాలో దొరికిందని, కన్ను పెట్టి చూసే కిటికీలో ఫోకస్ కుదుర్చుకునే పసుపు మచ్చ మసగ్గా ఉందని, ఒక ఫోటో బాగా వస్తే రెండు పాడవుతున్నాయని రాశారు. పారేయకండి. అలాగని రేపే రిపేరుకూ పరిగెత్తకండి. మాది పర్లాకిమిడి. ఇదే కెమెరాలో జీఎస్ఎన్ అనే మోడల్, నాన్నగారిది, పదకొండేళ్లుగా నా చేతిలో ఉంది.

ముందు దాని చప్పుడు వినండి. ఫిల్మ్ లేకుండా, ఫిల్మ్‌ను ముందుకు జరిపే లివర్ చివరిదాకా తిప్పితే లోపల 'టక్' మనాలి. నాది ఒక దశలో ఫోటోలన్నీ అడ్డదిడ్డంగా ఇచ్చింది. బ్యాటరీ పోయిందనుకుని మూడు మార్చాను. పక్క గదిలో పేపర్ చదువుతున్న నాన్న అక్కణ్నుంచే "టక్ రావట్లేదురా, వినబడట్లేదా నీకు?" అన్నారు. నిజమే. లోపల ఒక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. అది పాతబడి అరిగిపోతే ఆ చప్పుడు ఆగిపోతుంది, షట్టర్ లెక్క తప్పుతుంది. కెమెరా విప్పితే తప్ప బాగుపడదు.

బరంపురంలో ఒకాయన చేసిచ్చారు. టక్ తిరిగొచ్చింది గానీ ఫోకస్ చెడింది! దూరంగా ఉన్న సెల్ టవర్‌ను చూస్తూ లెన్స్‌ను అనంతం గుర్తు దాకా తిప్పితే, మచ్చలోని బొమ్మ, బయటి బొమ్మ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. నా కెమెరాలో టవర్లు పక్కపక్కన రెండు. అసలు తప్పు లెన్స్‌దా, మచ్చదా అని తేల్చుకోవడానికి వెనక తలుపు తీసి, ఫిల్మ్ ఆనే పట్టాల మీద బటర్ పేపర్ అంటించి, 'బి' (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే సెట్టింగు) మీద షట్టర్ తెరిచి పట్టుకున్నాను. పేపర్ మీద టవర్ తలకిందులుగా, గీత గీసినట్టు కనబడింది. లెన్స్ బాగానే ఉంది, మచ్చే జరిగింది. మళ్లీ బరంపురం వెళ్లి సరిచేయించాను. ఇప్పటికీ ఒక బొమ్మ పైకి, ఒకటి కిందికి వెంట్రుకవాసి తేడా ఉంది. దానివల్ల ఫోకస్ పోదు కాబట్టి వదిలేశాను. మచ్చ మసకకు నా చిట్కా ఒకటే: మనం చూసే కిటికీకి కెమెరా ముందువైపున్న అద్దం మధ్యలో చిన్న నల్ల టేపు ముక్క. చూడ్డానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది.

బ్యాటరీ సంగతి తేలిక. అప్పటి 5.6 వోల్టుల మెర్క్యురీ సెల్ ఇప్పుడు దొరకదు. 6 వోల్టుల 4ఎల్ఆర్44 తెచ్చి, చుట్టూ కాగితం చుట్టి, మిగిలిన ఖాళీలో టార్చిలైటు స్ప్రింగు పెట్టండి. సెల్ లేకపోయినా షట్టర్ పడుతుంది, కాకపోతే ప్రతిసారీ 1/500 సెకనే. మీ పాడైన ఫోటోలు చీకటిగా వచ్చినవైతే ముందు అనుమానం దాని మీదే.

వెలుతురు మరీ ఎక్కువైందని చెప్పే ఎర్ర లైటును మాత్రం లెక్కచేయండి. ఒక ఏడు రథయాత్రకు ముందు రోజు రాత్రి ఇంట్లో ఎఫ్1.7, అంటే లెన్స్ పూర్తిగా తెరిచి పెట్టి మరిచిపోయాను. మర్నాడు మంచి ఎండలో, తక్కువ వెలుతురుకే పనిచేసే 400 ఫిల్మ్‌తో అలాగే లాగించాను. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, జనం తోపులాటలో పట్టించుకోలేదు. పంచెలన్నీ సున్నం కొట్టినట్టొచ్చాయి. లెన్స్ మూత పెట్టి తీసిన ఫోటోల లెక్క అడక్కండి. రేంజ్‌ఫైండర్‌లో చూసేది లెన్స్‌లోంచి కాదుగా, మూత ఉన్నా కిటికీలో అంతా చక్కగా కనబడుతుంది.

కదిలేవాటి వెంట మచ్చ పట్టుకుని పరిగెత్తకండి. 2004లో బ్రాడ్‌గేజ్ కోసం ఆపేసిన మా నౌపడా-గుణుపురం చిన్న బండిని నాన్న ఇదే కెమెరాతో తీశారు. పట్టాల పక్క రాయి మీద ముందే ఫోకస్ పెట్టి, ఇంజను అక్కడికొచ్చేదాకా కాచుకున్నారట.

ఇవాళ లివర్ తిప్పి చూసి, టక్ వచ్చిందో లేదో రాయండి. వస్తే కొత్త సెల్ వేసి ఒక రోల్ లాగించండి. రాకపోతేనే రిపేరు మాట.