తాళం వేసి డ్యూటీకి పోతే పిల్లల్ని తీసుకుపోతారా?

ప్రశ్న: మేడం, మాది రామంతాపూర్. మా ఆయన వదిలేసి పోయి మూడేండ్లయితుంది. చిన్న నర్సింగ్ హోమ్‌ల నైట్ డ్యూటీ ఆయాగా చేస్తా, జీతం 7,500. బాబుకి తొమ్మిది, పాపకి నాలుగు. అన్నం తినిపించి బయట తాళం వేసి పోతా. పోయిన వారం కరెంట్ పోయి పాప ఏడిస్తే ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టిన్రు. తెల్లారి ఇద్దరు మేడంలు వచ్చి బియ్యం డబ్బా కూడా మూత తీసి చూసిన్రు, కమిటీ ముందుకు రమ్మన్నరు. నార్వేల లెక్క నా పిల్లల్ని గుంజుకుంటరా? మా అక్క ఊరికి పారిపో అంటుంది.

జవాబు: పారిపోవద్దమ్మా, లేని అనుమానం మనమే పుట్టించినట్టవుతుంది. మీ భయం ఉత్తిదేం కాదు, సర్కారోళ్ళు గుమ్మం తొక్కారంటే ఏదో ఒకటి పట్టుకుపోవడానికే అనుకుంటాం, కరెంట్ మీటర్ పీక్కుపోయినోళ్ళని చూసినోళ్ళమే కదా. నార్వేలో 2011లో ఇద్దరు బెంగాలీ పిల్లల్ని అక్కడి పిల్లల సంక్షేమ అధికారులు తీసుకుపోతే తల్లి చేతికి వచ్చేసరికి 2013 అయింది, ఇంకో కుటుంబం కేసులో 2019లో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా ఆ దేశానిదే తప్పంది.

ఇక్కడ నడిచేది మాత్రం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం. అందులో పిల్లల్ని హోమ్‌లో పెట్టడం అన్నిటికన్నా ఆఖరి దారి. మీరు వెళ్ళేది బాలల సంక్షేమ కమిటీ, చైర్‌పర్సన్‌తో కలిపి ఐదుగురుంటారు. ఒకవేళ పిల్లల్ని తీసుకెళ్ళినా ప్రయాణం టైం పోను 24 గంటల్లో ఆ కమిటీ ముందు పెట్టాల్సిందే, ఎవరూ వాళ్ళిష్టానికి ఉంచుకోడానికి లేదు. కమిటీ తీరు మీద ఫిర్యాదు ఉంటే కలెక్టర్‌కి ఇవ్వొచ్చు. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి, ఆర్డర్ ఇస్తే కాపీ అడగండి.

ఇప్పుడు కొంచెం కోపంగానే చెప్తున్నా, ఆ తాళం తప్పు. మీరు పేదవాళ్ళు కావడం తప్పు కాదు, కానీ లోపల షార్ట్ సర్క్యూట్ అయితే తొమ్మిదేళ్ళ పిల్లాడు చెల్లిని ఎటునుంచి బయటికి తెస్తాడు, కిటికీ గ్రిల్‌లోంచా? కమిటీ ముందు దీన్ని దాచకండి, డ్యూటీ పగటికి మార్చమని అడిగారా, రాత్రి మీ అక్కో, బిల్డింగ్‌లో ఇంకెవరో వచ్చి పడుకుంటారా అన్నది చెప్పండి, వాళ్ళు ముందు అడిగేది అదే.

మీరు కూడా ఒకటి అడగాలి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఒక్కో బిడ్డకి నెలకి 4,000 ఇస్తారు, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకి కూడా వర్తిస్తుంది, సిటీలో ఏడాది ఆదాయం 96,000 దాటకూడదు, మీది 90,000. జిల్లా బాలల రక్షణ విభాగంలో అప్లికేషన్ పెట్టుకోవాలి. వచ్చిన ఆ మేడంలు ఈ మాట మీకు చెప్పకుండా బియ్యం డబ్బా చూసి పోయారంటే నాకూ ఒళ్ళు మండుతోంది, నమ్మకం రమ్మంటే ఎక్కడ్నుంచొస్తుంది?

ఆధార్, రేషన్ కార్డు, జీతం కాగితం, బాబు స్కూల్ బోనఫైడ్ పట్టుకెళ్ళండి. బాబుని ఏమైనా అడిగితే వాడినే చెప్పనివ్వండి, మధ్యలో మీరు అందుకోకండి.