దర్రీల యాడ్ ఎవరికి చూపించాలి?

బిడ్డా,

నేల మీద పరిచే దర్రీలకు నువ్వు ఇన్‌స్టాలో పెట్టిన యాడ్‌ల స్క్రీన్‌షాట్లు చూసిన. రోజుకు 500 పెడుతున్నావు, దాన్ని మళ్ళీ ఐదు యాడ్ సెట్లు చేశావు, ఒక్కో గుంపుకు ఒక్కోటి. చేనేత ఇష్టపడేవాళ్ళు, ఇల్లు సర్దుకునేవాళ్ళు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు, ఇట్ల. ముందు నాలుగు ఆపెయ్. ఒక్కటి చాలు.

ఒక యాడ్ సెట్ ఎవరికి చూపించాలో నేర్చుకొని కుదురుకోవాలంటే వారంలో దాదాపు 50 ఫలితాలు, అంటే ఆర్డర్లో మెసేజ్‌లో, రావాలని ఇన్‌స్టా, ఫేస్‌బుక్ నడిపే మెటానే చెప్తుంది. ఇప్పుడు నీ లెక్క చూడు. దర్రీ 1,500కు అమ్ముతున్నావు. కొత్తవాడలో మగ్గం దగ్గర 950, కొరియర్, ప్యాకింగ్ 200 పోతే మిగిలేది 350. ఆర్డర్‌కు యాడ్ ఖర్చు 200 పడితే, మీద 18 శాతం జీఎస్టీ కలిపి 236. అంటే చేతికి వచ్చేది 114. ఆ 200 దాటనీయకు. అదే రేటున 50 ఆర్డర్లకు వారానికి 10,000 కావాలి, నువ్వు పెట్టేది 3,500. ఒక్క సెట్‌కే సరిపోని డబ్బు ఐదింటికి పంచితే ఏదీ కుదురుకోదు. ఏట్లో పారేసినా ఎంచి పారెయ్యాలంటారు కదా.

అందుకే ఇప్పటికి ఆర్డర్ కాకుండా వాట్సాప్ మెసేజ్‌నే ఫలితంగా పెట్టు. ఒక్కోటి 70 రూపాయల లోపు వస్తే 50 అందుతాయి. కాకపోతే "రేటెంత" అని అడిగి మాయమయ్యేవాళ్ళూ ఉంటారు. ఎవరు నిజంగా కొన్నారో నోట్‌బుక్‌లో రాయి. మెసేజ్ చవగ్గా వచ్చిందని సంబురపడొద్దు, ఆర్డర్‌కు ఎంత పడిందన్నదే చూడు.

ఇక ఎవరికి చూపించాలన్నది. నీ వ్యాపారానికి నిజంగా ఉన్న హద్దు దగ్గర గట్టిగా ఉండు. దర్రీ బరువైన సరుకు. అస్సాం దాకా పంపితే కొరియరే లాభం తినేస్తుంది. కాబట్టి తెలంగాణ, ఆంధ్ర, బెంగళూరు చాలు. షాపుకే రమ్మనే యాడ్ అయితే హన్మకొండ, కాజీపేట, వరంగల్ దాటొద్దు. అంతే, ఆ హద్దు లోపల ఎవరికి చూపించాలన్నది మాత్రం మెటాకే వదిలెయ్. "చేనేత ఇష్టం" అనే గుర్తు మెటా వాళ్ళ అంచనా మాత్రమే. 2021లో ఆపిల్ ఐఫోన్లలో ట్రాకింగ్‌కు అనుమతి అడగడం మొదలుపెట్టాక ఆ అంచనాలు ఇంకా పలచబడ్డాయి. పైగా గుంపు చిన్నదైతే అవే ముఖాలకు అదే యాడ్ పదేపదే పోతుంది, రేటూ పెరుగుతుంది.

మరి కొనేవాళ్ళను వేరుచేసేది ఏంది? నీ ఫోటో. దర్రీ మడతపెట్టి తీసిన ఫోటో తీసెయ్. నేల మీద పరిచి, పక్కన మనిషిని కూర్చోబెట్టి తియ్యి, సైజు తెలుస్తుంది. 1,500 అని ఫోటో మీదే రాయి. ఆరు వందల మిషన్ కార్పెట్ కావాల్సినవాడు అక్కడే దాటిపోతాడు, నీకు మెసేజ్ ఖర్చు మిగులుతుంది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తు, వచ్చింది, అదీ పెట్టు, కానీ ధర కంటే చిన్న అక్షరాల్లో. జనం ముందు చూసేది ధరే.

గూగుల్‌లో మాత్రం ఇదంతా తిరగెయ్యాలి. ఇన్‌స్టాలో ఎవరూ దర్రీ అడగలేదు, మనమే పోయి చూపిస్తున్నాం. గూగుల్‌లో మనిషి నోరు తెరిచి అడుగుతున్నాడు, కాబట్టి అడిగిందానికే జవాబివ్వు. బ్రాడ్ మ్యాచ్ పెడితే, అంటే నీ మాటకు దగ్గరగా ఉన్న వెతుకులాటలన్నిటికీ చూపించమంటే, "కార్పెట్ క్లీనింగ్" వెతికేవాడి క్లిక్కుకూ నువ్వే కడతావు. నీ మాట అర్థానికే కట్టుబడి ఉండే ఫ్రేజ్, ఎగ్జాక్ట్ మ్యాచ్‌తో మొదలుపెట్టు. లొకేషన్‌లో ఇంకో తిరకాసుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్ళకూ చూపించేట్టు గూగుల్ వాళ్ళే ముందే టిక్ పెట్టి ఉంచుతారు. షాపు యాడ్‌కు అది మార్చు.

ఈ మార్పులు ఒక్కరోజే చేసి, వారం దాకా ఏదీ కదపకు. రోజూ వేలు పెడితే యాడ్ సెట్ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆదివారం నోట్‌బుక్, జనం ఏ మాటలు వెతికితే నీ యాడ్ కనబడిందో చెప్పే గూగుల్ సెర్చ్ టర్మ్స్ రిపోర్టు రెండూ పట్టుకొని ఇంటికి రా. పనికిరాని మాటలన్నీ కూర్చొని నెగెటివ్ లిస్టులో వేద్దాం, ఆ మాటలకు నీ యాడ్ కనబడకుండా.

మీ మామ