అమ్మ వీసా మళ్లీ పెట్టాలా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నా కాన్పుకు రమ్మని అమ్మకు బీ-2 (అమెరికా సందర్శక వీసా) పెట్టిస్తే, రెండే ప్రశ్నలడిగి 214(బీ) కాగితం, అంటే తిరిగొస్తారన్న నమ్మకం లేదని వీసా నిరాకరించే కాగితం, చేతికిచ్చారు. "ఎందుకెళ్తున్నారు?" అంటే "పిల్లను చూసుకోడానికి" అందట. ఇప్పుడేం చేయాలి?

జవాబు: టెన్షన్ పడకమ్మా. దీనికి అప్పీలు లేదు, ఇన్నాళ్లు ఆగాలన్న గడువూ లేదు. కొత్త డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) నింపి, 185 డాలర్లు మళ్లీ కట్టాలి. పాత తిరస్కరణ సంగతి అందులోనే అడుగుతారు, దాచొద్దు.

అసలు చిక్కు అమ్మ మాటలో ఉంది. "పిల్లను చూసుకోడానికి" అంటే జీతానికి వెళ్లే ఆయాలా వినబడుతుంది. మనవరాలిని చూసి, ఫలానా నెలలో తిరిగొస్తానని ఉన్నదున్నట్టు చెప్పమనండి. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో అయితే తెలుగులోనే చెప్పొచ్చు. నాన్నగారి పింఛను, కోతల సమయం, ఇంట్లో పెద్దావిడ... ఆమెను వెనక్కి లాగేవి ఏవో ఆమె నోటివెంటే రావాలి. మా అమ్మకు రెండోసారి పనికొచ్చింది పొలం కబురే. ఆఫీసరు ఫైలు తెరిచి చూడనే లేదు.