సమచతుర్భుజంలో ఆ కోణం ఎందుకు 55 డిగ్రీలు?

ప్రశ్న: సమచతుర్భుజం ఏబీసీడీలో కర్ణం ఏసీ, భుజం ఏబీతో 35 డిగ్రీల కోణం చేస్తే కోణం ఏబీడీ ఎంత అన్న లెక్కకు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి 35 అని రాసింది. అది తప్పన్నారు. కారణం వివరించగలరా?

జవాబు: మీ అమ్మాయి కర్ణాలు రెండూ సమానమని అనుకుని ఉంటుంది. ఈ పొరపాటు చాలామంది పిల్లలు చేసేదే కాబట్టి కోప్పడకండి. కర్ణాలు ఖండించుకునే బిందువును ఓ అనుకుంటే, ఓఏ, ఓబీలు సమానమైనప్పుడే ఆ రెండు కోణాలూ సమానమవుతాయి. అది దీర్ఘచతురస్రంలో నిజమే గాని, చతురస్రం కాని సమచతుర్భుజంలో ఎన్నటికీ జరగదు. ఇక్కడ పనికివచ్చే ధర్మం వేరు: కర్ణాలు ఒకదానినొకటి లంబంగా సమద్విఖండన చేసుకుంటాయి. కనుక త్రిభుజం ఏఓబీలో ఓ వద్ద 90, ఏ వద్ద 35 పోగా బీ వద్ద మిగిలేది 55 డిగ్రీలు. ప్రతి కర్ణమూ తాను కలిపే శీర్షకోణాలను సగం చేస్తుంది గనుక ఏ, సీ కోణాలు 70 చొప్పున, బీ, డీ కోణాలు 110 చొప్పున ఉంటాయి.

సూత్రం కంఠస్థం చేయించే ముందు, కాగితంతో కత్తిరించిన సమచతుర్భుజాన్ని ఒక కర్ణం వెంబడి, ఆపైన రెండో కర్ణం వెంబడి ఆమె చేతనే మడిపించండి. నాలుగు పొరలూ ఒకే లంబకోణ త్రిభుజంగా ఒదిగిపోతాయి. దాని రెండు మొనల్లో ఏది సన్ననిదో, ఏది వెడల్పైనదో ఆమె కళ్లకే కనబడుతుంది.