కార్డు లిమిట్‌ని ఎమర్జెన్సీ ఫండ్ అనుకుంటున్నారా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. ఆరేళ్ళుగా అమెరికాలో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాది హెచ్-1బి వర్క్ వీసా, మా ఆవిడ ఉద్యోగం చెయ్యడం లేదు, పాపకి నాలుగేళ్ళు. నెలకి చేతికి 7,800 డాలర్లు వస్తుంది. ఇల్లు, కారు, తిండి, పాప ప్రీస్కూలు అన్నీ కలిపి 6,000 పోతుంది, అమ్మానాన్నలకి 500 పంపుతాను. నెలకి రెండు శనివారాలు ఫ్రెండ్స్‌ని పిలిచి బ్యాక్‌యార్డులో కుకౌట్ (ఆరుబయట గ్రిల్ వంట, విందు) పెడతాం, పాతిక మంది దాకా వస్తారు, ఒక్కోదానికి 450 అవుతోంది. కార్డు మీద 24 శాతం వడ్డీతో 11,000 బాకీ ఉంది. సేవింగ్స్‌లో 4,000, వైజాగ్ బ్యాంకులో 15 లక్షల ఎన్ఆర్ఈ (ఎన్ఆర్ఐలు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) ఎఫ్‌డీ ఉన్నాయి, ఎఫ్‌డీ వచ్చే నెల 20న మెచ్యూర్ అవుతుంది. ఇప్పుడు గ్రిల్, సింకు, పైన షెడ్డుతో అవుట్‌డోర్ కిచెన్ కట్టిద్దామని ఉంది, 18,000 అన్నారు. 13 శాతానికి ఐదేళ్ళ పర్సనల్ లోన్ తీసుకోనా, ఎఫ్‌డీ వాడేయనా? ఎమర్జెన్సీకి కార్డులో ఇంకా 14,000 లిమిట్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

జవాబు: బాబూ, మీ ఉత్తరంలో నన్ను కూర్చోబెట్టింది ఆ చివరి వాక్యం. అవుట్‌డోర్ కిచెన్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు, కానీ "లిమిట్ ఉంది కాబట్టి టెన్షన్ లేదు" అనే మాట ఈమధ్య నాకు మరీ ఎక్కువగా వినబడుతోంది. గృహప్రవేశం చేసేవాళ్ళూ అదే అంటున్నారు, పాప ఓణీల ఫంక్షన్‌కి ఇండియా వచ్చేవాళ్ళూ అదే అంటున్నారు. లిమిట్ మీ డబ్బు కాదు. బ్యాంకువాడు తనకి భయం వేసిన రోజున మిమ్మల్ని అడగకుండానే తగ్గించుకోగలిగిన అంకె అది. వాడికి భయం వేసేది ఎప్పుడో తెలుసా, మీకు భయం వేసిన రోజునే.

మీ వీసా సంగతి మీకు తెలియనిది కాదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 తేదీ, అంటే మిమ్మల్ని అక్కడ ఉండనిచ్చే చివరి తేదీ, అంతకంటే ముందే ఉంటే అదీ లేదు. ఆ 60 రోజుల్లో ఇంకో కంపెనీ మీ తరఫున పిటిషన్ వెయ్యాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, అదీ కాదంటే ఇల్లు అమ్మకానికి పెట్టి, కారు వదిలించుకుని, మూడు టికెట్లు కొనాలి. నెలకి 6,000 చొప్పున రెండు నెలలంటే 12,000. ఉద్యోగంతో పాటే కంపెనీ హెల్త్ ఇన్సూరెన్సు కూడా పోతుంది. కోబ్రా అనే అక్కడి చట్టం కింద అదే పాలసీ కొనసాగించొచ్చు గానీ కంపెనీ వాటా కూడా మీరే కట్టాలి, కుటుంబానికి నెలకి రెండు వేల డాలర్లు దాటడం మామూలే. నాలుగేళ్ళ పాపని పెట్టుకుని అది వద్దనుకోలేరు కదా. మీ చేతిలో ఉన్నది 4,000. అంటే 20 రోజులు. మిగిలిన 40 రోజులు 24 శాతం వడ్డీ మీద బతుకుతామనేనా మీ ప్లాను?

మీకు హుద్‌హుద్ గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మా సీతమ్మధారలో కరెంటు లేక రోజులు గడిచాయి, ఏటీఎంలు పనిచెయ్యలేదు, పెట్రోలుకి కిలోమీటర్ల క్యూలు. నా దగ్గర సలహాకి వచ్చే ఒకాయనకి ఊళ్ళో మూడు ఫ్లాట్లు, పర్సులో నాలుగు కార్డులు. పాలకీ మంచినీళ్ళకీ నగదు లేక మూడో రోజు నడుచుకుంటూ మా ఇంటికొచ్చి రెండు వేలు అప్పు అడిగాడు. పేదవాడు కాదు, ఆ మూడు రోజులకి పనికొచ్చే డబ్బు లేనివాడు, అంతే. ఆ రోజు నుంచి నా పిచ్చి ఇదే, ఎవరొచ్చినా ముందు "చేతిలో ఎన్ని నెలల ఖర్చుంది" అనే అడుగుతాను, మిగతావన్నీ తర్వాత.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 7,800లో ఇంటి ఖర్చులు 6,000, అమ్మానాన్నలకి 500, కుకౌట్లకి 900. మిగిలేది 400. కార్డుకి మినిమం కట్టడానికే సుమారు 330 పోతుంది, అందులో 220 ఉత్త వడ్డీ. చేతిలో 70 డాలర్లు. ఆ లోన్‌కి ఈఎంఐ దాదాపు 410. ఎక్కణ్ణుంచి తెస్తారు? కార్డు నుంచే తెస్తారు, నాకు తెలుసు, మీకూ తెలుసు. అప్పు కట్టడానికి ఇంకో అప్పు. ఐదేళ్ళయ్యేసరికి 18,000 పొయ్యికి 24,500 పైన కడతారు, వర్షాకాలం చలికాలం పోను అది వాడేది ఏడాదిలో ఎన్ని రోజులు? ఇంకో విషయం, నెలకి 900 అంటే ఏడాదికి 10,800. మీ కార్డు బాకీ 11,000. అంటే నిరుడు తిన్న మటన్‌కీ, బీరుకీ, పేపర్ ప్లేట్లకీ మీరింకా వడ్డీ కడుతున్నారు. పర్సనల్ లోన్ వద్దు. ఇంకో వడ్డీ రేటుతోనో ఇంకో బ్యాంకుతోనో మళ్ళీ ఉత్తరం రాయకండి, అప్పుడూ ఇదే చెబుతాను.

రిటైర్మెంటు ఖాతా 401(కె) నుంచి అప్పు తీసుకోమని తర్వాత ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. ఉద్యోగం పోతే ఆ ఏడాది ట్యాక్సు రిటర్నుల గడువులోపు బాకీ కట్టాలి, లేకపోతే దాన్ని విత్‌డ్రా చేసినట్టే లెక్కేసి ట్యాక్సు, పైన 10 శాతం పెనాల్టీ. సరిగ్గా జీతం లేని సంవత్సరంలో. సున్నా వడ్డీ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డు, అంటే పాత బాకీని కొన్నాళ్ళు వడ్డీ లేకుండా మార్చుకునే కొత్త కార్డు, ఫర్వాలేదు, కాకపోతే 3 నుంచి 5 శాతం ఫీజు ఉంటుంది, అది తీసుకుని మళ్ళీ పాత కార్డు గీకకుండా ఉండగలరా అన్నదే నా అనుమానం.

కుకౌట్ మానెయ్యమని నేను అనడం లేదు. అంత దూరంలో, చుట్టాలు లేని చోట, శనివారం సాయంత్రం నలుగురు కూర్చుని మాట్లాడుకోకపోతే మనిషి బతకలేడు, ఆ సంగతి అక్కడ రెండేళ్ళున్న మా అబ్బాయి ఫోన్లో గొంతు విన్నాక నాకూ అర్థమైంది. కానీ కార్తీక మాసంలో మన ఊళ్ళో పిక్నిక్‌లు ఎలా చేసేవాళ్ళం? ముడసర్లోవకి వెళ్ళినా రుషికొండకి వెళ్ళినా తలా ఇంత వేసుకునే కదా వెళ్ళేది. ఒకరింటి నుంచి పులిహోర, ఒకరింటి నుంచి పెరుగన్నం, వంటవాడి ఖర్చు అందరి నెత్తినా. ఆ డబ్బులు అడిగిన మావయ్యని ఎవరూ పిసినారి అనలేదు. డాలస్ వెళ్ళేసరికి "అడిగితే బాగోదు" ఎలా వచ్చింది? నెలకి ఒక్కసారి పెట్టండి, బొగ్గులూ చికెనూ మీవి, మిగతావి వాళ్ళవి, బీరు ఎవరిది వాళ్ళే తెచ్చుకుంటారు. 150 దాటదు. చాలా పార్కుల్లో గ్రిల్లు పెట్టిన పెవిలియన్లుంటాయి, అదీ చూడండి.

అమ్మానాన్నలకి ఇన్సూరెన్సు ఉందో లేదో మీరు రాయలేదు. రాయలేదంటే లేదనే అనుకుంటున్నాను. వయసు దాటిపోయిందని వదిలేయకండి, 2024 నుంచి 65 ఏళ్ళు దాటినా కొత్తగా పాలసీ తీసుకునే వీలుంది. కానీ షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ ఉండొచ్చు, ఆ మూడేళ్ళూ మొదలయ్యేది మీరు కొన్న రోజు నుంచే. అందాకా రాత్రి పన్నెండింటికి రామ్‌నగర్‌లో ఏదో ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టాల్సి వస్తే ఆదుకునేది ఆ ఎఫ్‌డీయే. అందుకే దాన్ని గ్రిల్లు కింద కాల్చొద్దంటున్నాను.

అలాగని 7 శాతం దరిదాపు వడ్డీ తెచ్చే డిపాజిట్ మొత్తం అలాగే పెట్టుకుని, 24 శాతం బాకీని మోయమనీ చెప్పను. ఎఫ్‌డీలోంచి 6 లక్షలు అక్కడికి తెప్పించుకోండి, ఎన్ఆర్ఈ కాబట్టి అడ్డంకి లేదు. దాదాపు 6,500 డాలర్లొస్తాయి, మొత్తం కార్డుకి కొట్టండి. కుకౌట్‌లో మిగిలే 750, ఇప్పుడు మినిమం కింద కడుతున్న 330 కలిపితే ఐదు నెలల్లో మిగతా 4,500 కూడా పోతుంది. ఆ తర్వాత అదే డబ్బు నెలనెలా సేవింగ్స్‌లోకి. ఏడాది తిరిగేసరికి 60 రోజుల ఖర్చు మీ చేతిలో ఉంటుంది. నాకు ఆరు నెలల ఖర్చు కావాలి, కానీ ముందు 60 రోజులు కానివ్వండి. అప్పటికీ ఆ కిచెన్ కావాలనే అనిపిస్తే డబ్బు కూడబెట్టి కట్టుకోండి, కట్టే ముందు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి, ఇంటి ఇన్సూరెన్సులో అతిథులకి దెబ్బ తగిలితే ఎంత కవరవుతుందో, రెండూ చూసుకోండి.

ఒక్క పని మాత్రం ఈ వారమే చెయ్యండి. ఎఫ్‌డీకి ఆటో రెన్యువల్ పెట్టి ఉందేమో చూడండి. ఉంటే 20న 15 లక్షలూ మళ్ళీ లాక్ అవుతాయి, ఎన్ఆర్ఈ డిపాజిట్‌ని ఏడాది లోపు బద్దలుకొడితే వడ్డీ పైసా రాదు. 6 లక్షలు ఖాతాలో వెయ్యమని, మిగిలిన 9 లక్షల్ని మూడేసి లక్షల చొప్పున మూడు డిపాజిట్లుగా చెయ్యమని బ్యాంకుకి ముందే రాసి పెట్టండి. ఆసుపత్రికి రెండు లక్షలు కావాల్సొస్తే మూడు లక్షలది ఒక్కటే కదిలించొచ్చు.