మీ ప్రశ్న, మా జవాబు: ఎందుకు చంపాడో తెలియకపోతే రెండో మనిషి ఉన్నట్టేనా?

ప్రశ్న: మా ఆడపడుచు కొడుకు లాస్ వేగస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2017లో అక్కడ పాటల కచేరీ మీద జరిగిన కాల్పుల గురించి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఇంకో అంతస్తు నుంచి కూడా ఎవరో కాల్చారని, పోలీసులు దాచేశారని అందులో చెప్తున్నారు. ఇదంతా పుకారని నేనంటే, మా మరిది "ఎందుకు చంపాడో ఇప్పటికీ చెప్పలేకపోయారు కదా వదినా, అడిగితే తప్పా?" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు.
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అడగడం తప్పు కాదమ్మా. పైగా మీ మరిది చెప్పినదాంట్లో ఒక ముక్క నిజమే, ఎందుకు చంపాడో ఇప్పటికీ తేలలేదు.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 2017 అక్టోబరు 1 రాత్రి మాండలే బే హోటల్ 32వ అంతస్తు నుంచి ఒక 64 ఏళ్ల మనిషి, ఎదురుగా మైదానంలో పాటలు వింటున్న వేలమంది మీద పది నిమిషాల పాటు వెయ్యికి పైగా తూటాలు కాల్చాడు. అప్పుడు 58 మంది, ఆ గాయాలతోనే 2019లో ఒకరు, 2020లో ఒకరు, మొత్తం 60 మంది పోయారు. పోలీసులు తలుపు బద్దలుకొట్టి వెళ్లేసరికి వాడు తనను తాను కాల్చుకుని చచ్చిపడి ఉన్నాడు. వాడి పేరు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు.

ఇక వీడియో సంగతి. రెండు చోట్ల నుంచి కాల్పులు వినిపించాయన్న మాట పుట్టడానికి కారణం లేకపోలేదు, అక్కడున్నవాళ్లు నిజంగానే అలా విన్నారు. రైఫిల్ తూటా శబ్దం కంటే వేగంగా పోతుంది, కాబట్టి తూటా గాలిని చీల్చే చప్పుడు ముందు వినిపించి, తుపాకీ పేలిన చప్పుడు కాస్త ఆలస్యంగా చేరుతుంది, దానికి తోడు చుట్టూ అంత పెద్ద హోటళ్ల గోడలు. దీపావళి రాత్రి సీతమ్మధార సందుల్లో నిలబడి చూడండి, ముందు పేలిన బాంబు వెనక అపార్టుమెంటులో పేలినట్టుంటుంది. పైగా గాయపడ్డవాళ్లు పక్క హోటళ్లలోకి పరిగెత్తారు, రక్తం చూసినవాళ్లు ఇక్కడ కూడా కాల్పులంటూ ఫోన్లు చేశారు, ఒక్క రాత్రిలో నలుగురైదుగురు హంతకులు పుట్టుకొచ్చారు. కానీ తూటాలు బయటికి వచ్చేందుకు పగిలిన కిటికీలు 32వ అంతస్తులో వాడి రెండు గదుల్లోనే ఉన్నాయి. ఇంకో అంతస్తులో అద్దం పగల్లేదు.

అయితే పోలీసుల తప్పేమీ లేదని మాత్రం నేననను. హోటల్ సెక్యూరిటీ గార్డును వాడు ఎప్పుడు కాల్చాడన్నది ముందు ఒకలా చెప్పారు, తర్వాత జనం మీద కాల్పులకు ఆరు నిమిషాల ముందే, 9.59కే అన్నారు, మళ్లీ నాలుగు రోజులకే కాదు 10.05 దగ్గర్లో అన్నారు. అలా మాటలు మారిస్తే ఎవరికైనా అనుమానం రాదా? పత్రికలు, టీవీలు కోర్టుకెళ్లి పోరాడాకే 2018లో పోలీసుల ఒంటి మీది కెమెరాల వీడియోలు బయటికొచ్చాయి. వాటివల్లే, పైన కాల్పులు జరుగుతుంటే కింది అంతస్తు కారిడార్‌లో ఒక పోలీసు కదలకుండా నిలబడిపోయాడని జనానికి తెలిసింది. ఇది గట్టిగా అడిగినందుకు దొరికిన జవాబు. గదిలో దొరికిన ఒక ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ లేదు, అది ఏమైందో తేలలేదు. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ హార్డ్ డిస్క్ దొరకలేదు కాబట్టి ఇంకో అంతస్తులో ఇంకొకడు ఉన్నాడు అంటే మాత్రం ఆ రెండింటికీ సంబంధమేమిటో చెప్పాలి కదా.

మన ఊళ్లో 2020 మే 7న వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైన రోజు గుర్తుందా? 12 మంది పోయారు. ఆ రాత్రే ట్యాంకు పేలబోతోందన్న మాట పాకి, గోపాలపట్నం వైపు జనం చంటిపిల్లల్ని భుజాన వేసుకుని అర్ధరాత్రి రోడ్డెక్కారు. పేలలేదు. వాళ్లని నేను ఒక్క మాట అనను, పొద్దున్నే అన్ని చావులు చూసినవాళ్లకు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మనకు తెలుసు. కానీ తర్వాత అడిగిన ప్రశ్నలు చూడండి. ట్యాంకులో ఉష్ణోగ్రత ఎందుకు పెరిగింది, సైరన్ ఎందుకు మోగలేదు అని అడిగారు. వాటికి రికార్డులుంటాయి, బాధ్యులుంటారు, హైపవర్ కమిటీ జులైలో రిపోర్టు ఇవ్వక తప్పలేదు. మీ మరిదిని కూడా అదే అడగండి, "ఏం చూపిస్తే నీకు నమ్మకం కుదురుతుంది బాబూ?" అని. ఫలానా కాగితం, ఫలానా సీసీ కెమెరా వీడియో అని చెప్తే అతని వైపు నిలబడండి. ఏం చూపించినా అది కూడా సృష్టించిందే అంటే ఇక వాదించకండి.

ఇంకో మాట కూడా చెప్పండి. ఆ కాల్పుల్లో తూటా తగిలి బతికిన వాళ్లను నటులని, గాయాలు అబద్ధమని ఆన్‌లైన్‌లో తిట్టారు. మొదటి గంటల్లోనే ఏ సంబంధం లేని ఒక మనిషిని హంతకుడని పేరుతో సహా తిప్పారు. ఊహ అనుకుని మనం ఫార్వర్డ్ చేసేది ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది, నాకు కోపం వచ్చేది అక్కడే.

ప్రశ్న: ఎందుకు చేశాడో తెలియకుండా కేసు ఎలా మూసేస్తారు సార్? మన దగ్గరైతే మోటివ్ లేకుండా కేసు నిలుస్తుందా?
- గాజువాక నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: నిలుస్తుంది. భారతీయ సాక్ష్య అధినియమం 6వ సెక్షన్ ప్రకారం మోటివ్‌ను సాక్ష్యంగా చూపించవచ్చు, కానీ ప్రత్యక్ష సాక్ష్యం గట్టిగా ఉన్నప్పుడు మోటివ్ తేలలేదని కేసు కొట్టేయరు. లాస్ వేగస్‌లో నిందితుడే చనిపోయాడు, విచారణ జరిపేందుకు మనిషి లేడు. పోలీసులు 2018 ఆగస్టులో తుది రిపోర్టు ఇచ్చారు, 2019 జనవరిలో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిపుణులు కూడా ఫలానా కారణమని ఒక్కటీ చెప్పలేమన్నారు. డబ్బు పోగొట్టుకున్నాడన్నది నిజమే, రెండేళ్లలో అతని దగ్గరున్న సొమ్ము సుమారు 21 లక్షల డాలర్ల నుంచి 5 లక్షల 30 వేలకు పడిపోయింది. మెదడును కూడా పరీక్షించారు, పెద్ద తేడా ఏదీ కనిపించలేదు. ఇక ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వాడితోనే పోయి ఉండొచ్చు. కానీ 24 తుపాకులు సూట్‌కేసుల్లో, రోజుల తరబడి, ఒక హోటల్ గదికి ఎలా చేరాయి? తుపాకీని దాదాపు మెషిన్‌గన్‌లా పేల్చే బంప్ స్టాక్ అనే పరికరం వాడాడు, దాని మీద పెట్టిన నిషేధాన్ని 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ సంగతుల్లో జవాబు చెప్పాల్సినవాళ్లు బతికే ఉన్నారు. అడగాల్సింది వాళ్లని.