పిస్టల్‌లో గట్టి స్ప్రింగు వేస్తే కుదుపు తగ్గుతుందా?

తగ్గదు, కుదుపు చేతికి తెలిసే తీరు కాస్త మారుతుందంతే, పైగా పిస్టల్ మొరాయించే అవకాశం పెరుగుతుంది. తూటా పేలగానే పైనున్న స్లైడ్ వెనక్కి వెళ్లి ఖాళీ షెల్‌ను బయటికి విసరాలి. తర్వాత స్ప్రింగు దాన్ని ముందుకు నెట్టి, మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను ఎక్కించాలి. స్ప్రింగు మరీ గట్టిదైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ షెల్ బయటికి పడే సందులోనే ఇరుక్కుంటుంది. మరీ మెత్తనిదైతే స్లైడ్ వచ్చి ఫ్రేమును బాదుతుంది; ముందుకెళ్లేటప్పుడు చాంబర్ (తూటా కూర్చునే గది) సరిగ్గా మూసుకోకపోవచ్చు కూడా.

5 అంగుళాల బ్యారెల్ ఉన్న .45 క్యాలిబర్ ‘1911’ మోడల్ పిస్టల్‌నే తీసుకోండి. దానికి మామూలుగా 16 పౌండ్ల బలమున్న స్ప్రింగు ఉంటుంది. తుపాకి మందు తక్కువున్న టార్గెట్ తూటాలు వాడేవాళ్లు అంతకంటే మెత్తనిది వేస్తారు. అంటే స్ప్రింగును తూటాను బట్టి ఎంచుకోవాలి, గట్టిదే మేలనుకోవడం ఉత్త అపోహ.

నరసాపురం, అంతర్వేది వైపు లైసెన్సు పిస్టల్ ఉన్నవాళ్లకు అసలు బెడద ఉప్పుగాలి. తుప్పు పట్టిన స్ప్రింగును మార్చాల్సిందే, కానీ అదే పౌండ్ల రేటింగుది, లైసెన్సున్న ఆయుధ మెకానిక్ చేతనే.